మిద్దెల వైపు మైకు

ఎన్నికల ఆటో ఒకటి మా వీధిలోకి తిరిగి, మైకు కీచుమనేసరికి చేతిలో టీ ఒలికింది. ఒకప్పుడు ఆ కూత వెంటే జీపులో ఊరూరా తిరిగినదాన్ని, ఇప్పుడు కిటికీ మూసేస్తున్నాను. వినే ఓపిక పోయింది. అయినా లింగమ్మక్క గుర్తుకొచ్చాక మనసు ఊరుకోదు.

మా ప్రాంతం నుంచి అసెంబ్లీకీ, ఆ తర్వాత ఢిల్లీకీ వెళ్లిన మొదటి ఆడమనిషి ఆమె. డెబ్బైల్లో నేను ఆదోనిలో టైపు నేర్చుకుని ఖాళీగా కూర్చుంటే పిలిచి పనిలో పెట్టుకుంది. "ఫాతిమా, నీకు ఇంగ్లీషొచ్చు, నాకు గొంతుంది. ఇద్దరం కలిస్తే ఒక లీడరైతాం" అంది. కోపమొస్తే అందరి ముందూ తిట్టేది. నేను తినందే మాత్రం తాను ముద్ద ముట్టేది కాదు.

పెద్దకడుబూరు వైపు ఊళ్లలో మీటింగంటే మగవాళ్లు కింద, ఆడవాళ్లు మిద్దెల మీద. మైకు గొట్టం మగవాళ్ల వైపే కట్టేవారు. అక్క స్టేజీ ఎక్కగానే దాన్ని మిద్దెల వైపు తిప్పించేది. "మాకు ఇనపడల్యాదక్కా!" అని కిందినుంచి అరిస్తే, "ఇన్నాళ్లూ మీరే ఇంటిరి కదప్పా, ఇంగ వాళ్లను ఇననీండి" అనేది. తర్వాత తల పైకెత్తి, "ఒగరన్నా దిగి రాండమ్మా! మీ నీళ్ల కష్టం నేను సెప్తే కతైతాది, మీరు సెప్తే నిజమైతాది" అని బతిమాలేది. వాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వేవారే గాని కదిలేవారు కాదు. తిరుగుదారిలో అక్క మొహం మాడ్చుకుని కూర్చునేది. "నా కాలం అయిపొయ్యేలోగా ఒక్కతె దిగితే సాలు పాపా" అనేది.

ఢిల్లీ ఆమెను బాగా నలగ్గొట్టింది. ఎక్కడికెళ్లినా "మీవారు రాలేదా?" అని అడిగేవారు. "ఇంటికాడ ఎనుములు ఉండాయి, ఎవురో ఒగరు సూసుకోవల్ల కదా" అని ఆదోని ఉర్దూలో నవ్వుతూ చెప్పేది. బయటికొచ్చాక ఆ నవ్వు ఉండేది కాదు.

ఎనభైల్లో ఒక ఎన్నికకు ఆమెకు సీటు ఇవ్వలేదు. ఎమ్మిగనూరు కాంట్రాక్టరు కొడుక్కి ఇచ్చి, అతని తరఫున ప్రచారం చేయమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వెట్ల ఒప్పుకుంటివక్కా?"

"కొట్లాడి కొట్లాడి అలిసిపోయినా ఫాతిమా. పార్టీ ఇడ్సి యాడికి పోదాం?"

ఆ ప్రచారంలోనే ఒక ఊళ్లో, అలవాటు కొద్దీ గొట్టం తిప్పించి, ఒగరన్నా దిగి రాండమ్మా అంది. ఈసారి ఒకామె దిగింది. పత్తి చేను నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీరంతా దూది పీచు. మగవాళ్ల మధ్యలోంచి నడిచొచ్చి మైకు పట్టుకుంది.

"అక్కా, దిగు దిగు అంటాంటివి. దిగినాను. మరి నువ్వు యాల దిగిపోతివి?"

కొత్త అభ్యర్థి దగ్గాడు. ఎవరూ నవ్వలేదు. అక్క ఆమె చేతిని తన రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. జీపెక్కాక, "సూసినావా, ఒకతె దిగొచ్చింది" అని ఏడ్చింది. సంతోషమో అవమానమో ఆమెకే తెలియదనుకుంటాను. నేను కూడా ఏడ్చాను.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ఉద్యోగంలోనూ, సంఘంలోనూ, ఇంట్లోనూ నన్ను మర్యాదగా పక్కకు జరగమన్నవాళ్లు ఉన్నారు. నిజానికి ప్రతిసారీ జరిగిపోదామనే అనిపిస్తుంది, అంత అలసట. అయినా లేచే ముందు ఎందుకు దిగాలో చెప్పమంటాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నేనూ లేవలేదు.