సక్రిబాయికి నేను మాన్పిన ఏడుపు

1979 జనవరిలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా బాన్సువాడకు బదిలీ అయ్యాను. అంతకుముందే సెలవు పెట్టి మూడు నెలలు చైనా సూదుల వైద్యం నేర్చుకున్నాను. కొత్త విద్య, కొత్త సూదులు ఉన్నాయి, లేనిదల్లా రోగి. వచ్చినవాళ్ళ జబ్బుకన్నా నా ఆత్రమే ముదిరినట్టుందని మా కాంపౌండర్ నర్సింలు అనేవాడు.

ఒకరోజు నస్రుల్లాబాద్ దిక్కు నుంచి లక్ష్మమ్మ అనే రైతు ఇల్లాలు, తన పొలంలో నాట్లు వేసే సక్రిబాయిని తీసుకొచ్చింది. సక్రిబాయిది దగ్గరి తండా, అరవై ఏళ్ళుంటాయి. పదిహేను రోజులుగా మడిలో వంగినా ఏడుపే, గట్టెక్కినా ఏడుపేనని లక్ష్మమ్మ ఫిర్యాదు. సక్రిబాయి మాత్రం గొంతు బొంగురుపోయిందని చెప్పింది.

నేను పద్ధతి ప్రకారం నాడి, నాలుక చూశాను. నిద్ర తక్కువ, ఆవులింతలు ఎక్కువ. చైనా వైద్యంలో దుఃఖానికి ఇల్లు ఊపిరితిత్తులు, మనసుకు ఇల్లు గుండె. గుండెకు పోషణ తగ్గితే మనసు నిలకడ తప్పి కారణం లేకుండా ఏడుపొస్తుందంటారు. దానికి గోధుమలు, అతిమధురం, ఎండు రేగుపండ్ల కషాయం వాళ్ళ పాత మందు. చైనా రేగుపండ్లు మా బజారులో ఎక్కడివి, ఖర్జూరం వేయమన్నాను. మణికట్టు లోపల, చిటికెనవేలి వైపు సూదులు పెట్టాను. అన్నీ అడిగాను గానీ, ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. కారణం ఉండదని నా నోట్సులో రాసి ఉంది మరి.

పది రోజుల్లో ఏడుపు ఆగిపోయింది. ఉబ్బితబ్బిబ్బై గురువుగారికి ఉత్తరం రాశాను. రెండు రోజులకే సక్రిబాయి మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది.

"సాబ్, మంచిగ పంటున్న, కడుపు నిండ తింటున్న. గని ఏడుపే వస్తలేదు. పిల్ల పెండ్లి ఐదు దినాలుంది. నా ఏడుపు నాకియ్యి."

అప్పుడు అడిగాను. తండాలో పెళ్లికూతురు అత్తారింటికి పోయేముందు ఒక్కొక్క పెద్దను పట్టుకుని పాటగా ఏడుస్తుంది, వాళ్ళూ బదులు పాటగా ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటారు. ముసలమ్మలు వారాల ముందునుంచే నేర్పుతారు. సక్రిబాయి పగలు నాట్లలో తాను పాడుకుని, రాత్రి మనవరాలికి నేర్పుతోంది. నిద్ర తక్కువ అందుకే, ఆవులింతలూ అందుకే. నా సూదులు గొంతు బొంగురుకు అనుకుందట. తల్లి లేని ఆ పిల్లను పెంచింది తానే. తన కళ్ళు తడవకపోతే, ఈ పిల్ల పోతుంటే బాధపడేవాళ్ళే లేరని మగపెళ్లివారు అనుకుంటారని ఆమె దిగులు.

నా సిగ్గు చెప్పనలవి కాదు. ఏడుపు రప్పించే సూది నాకు నేర్పలేదు.

"తిప్పి పొడిస్తె వస్తదేమో సార్," అన్నాడు నర్సింలు గంభీరంగా.

కషాయం మానేయమన్నాను. ఇంకేం చేయాలో తోచక, ఆ పాటలో ఏముంటుందని అడిగాను. ఆమె బల్లమీద కూర్చుని, పిల్ల చేయి పట్టుకుని, తమ భాషలో పాడుతూ మధ్యమధ్య నాకు తెలుగులో చెప్పింది. రేపటి నుంచి నీ జడ ఎవరల్లుతారు అన్నచోట పాట తెగింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నర్సింలు మందుల అల్మారా వైపు తిరిగాడు. నాకూ కళ్ళు చెమర్చాయి.

సక్రిబాయి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇగ చాలు. ఉన్నది పెండ్లికి కావాలె," అని లేచింది.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా కేసు కాగితంలో మొదటి గడి ఒకటే: ఈ బాధ రోగిదా, వెంట వచ్చినవాళ్ళదా?