ఎత్తి చూసి కొన్న కంప్యూటర్

కంప్యూటర్లు బాగుచేసే స్క్రూడ్రైవరమ్మ అప్పటికే పాత కంప్యూటర్ పక్క రేకు విప్పేసింది. ఎదురుగా ఆమె తమ్ముడు, పాత ఇనుము కొని అమ్మేవాడు, గోళ్లు కొరుక్కుంటున్నాడు. అతని భార్య ఎంబ్రాయిడరీ మిషన్‌కి డిజైన్లు ఎక్కించాలంటే నాలుగు జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ కావాలి. ఈసారి కూడా పనికిరానిది తెస్తే ఇంట్లో అడుగు పెట్టొద్దని భార్య తేల్చి చెప్పేసింది.

“ఏం చూసి కొన్నావురా?”

“ఎత్తి చూశానక్కా. అక్కడున్న వాటన్నిట్లో ఇదే బరువు. బరువుంటే లోపల సరుకున్నట్టేగా!”

ఆమె లోపల చెయ్యి పెట్టి, తీగతో కట్టిన సగం ఇటుకని బయటికి తీసింది.

“సరుకు దొరికిందిరా. ఇది ఏ కంపెనీదో చెప్పు.”

“ఫ్యాన్ తిరిగేటప్పుడు పెట్టె కదలకుండా పెట్టారేమో అక్కా.”

“నోర్మూసుకుని టార్చి పట్టుకో.”

పెట్టె మీద అంటించిన స్టిక్కర్‌ని ఆమె ఏనాడూ నమ్మదు. ఒక్కో భాగాన్నీ ఊడదీసి, దుమ్ము తుడిచి, దాని ఒంటి మీద ఉన్నది చదివాకే మాట్లాడుతుంది. ర్యామ్ ముక్కలు రెండున్నాయి. మొదటిదాని మీద రెండు జీబీ అని ఉంది. రెండోది తుడుస్తుంటే తమ్ముడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“ఇదీ రెండే. బతికిపోయావు పో.”

“ఎత్తినప్పుడే అనుకున్నానక్కా!”

ఆమె ముక్కల్ని వాటి చోట నొక్కి, కంప్యూటర్ ఆన్ చేసింది. తెర మీద నాలుగు జీబీ కనపడ్డాక ఆపేసి, రేకు బిగించి, పెట్టెని అతని చేతుల్లో పెట్టింది.

“అక్క విప్పి చూసి ఇచ్చిందని గుమ్మంలోనే చెప్పు. లోపలికి రానిస్తుంది.”