టేపు అంటించిన కిటికీ

గోవాలోని ఆ పాత చర్చిలోకి అమ్మతో అడుగుపెట్టగానే కరిగిన మైనం వాసన వచ్చింది. ఎదురుగా బంగారు పూత బలిపీఠం, అరికాళ్ళ కింద చల్లటి రాయి, ఎత్తైన కప్పు దాకా వెళ్ళి తిరిగొచ్చే పాట. నాకు మాత్రం చిన్నప్పుడు సౌదీలో, జెద్దాలో మేమున్న ఇరుకు గది గుర్తొచ్చింది.

అమ్మ అక్కడ నర్సు. గల్ఫ్ యుద్ధం రోజుల్లో విషవాయువు వస్తుందన్న భయంతో కిటికీ సందులన్నీ టేపుతో మూసేసింది. సెలవు రోజైన శుక్రవారాల్లో తోటి నర్సులొచ్చి, కొవ్వొత్తి వెలిగించి, పెదాలు మాత్రం కదుపుతూ కీర్తనలు పాడుకునేవారు. ఆ దేశంలో మన ప్రార్థన బయటికి వినిపించకూడదు. గాలాడక నాకు ఒళ్ళంతా చెమట. అయినా, పాట బయటికి పోకుండా ఉండటానికే టేపు వేసిందనుకుని ఓర్చుకునేదాన్ని.

యుద్ధం ముగిశాక అమ్మ టేపు పీకుతుంటే ఏడ్చాను. "వద్దమ్మా! పాట బయటికెళ్ళిపోద్ది. పోలీసులొచ్చేత్తారు."

"ఇది గ్యాస్ కోసం వేసిందే పిచ్చిదానా, పాట కోసం కాదు," అని నవ్వింది అమ్మ. నవ్వుతూనే, తెరిచిన కిటికీ మళ్ళీ మూసేసింది.

ఇప్పుడు చర్చిలో అందరూ గొంతెత్తి పాడుతున్నారు. తెలిసిన రాగమే. పక్కకి చూస్తే అమ్మ పెదాలు మాత్రమే కదులుతున్నాయి.

"గట్టిగా పాడమ్మా, ఇక్కడెవరూ రారు," అన్నాను.

ఆ మాట నేనూ గుసగుసగానే అన్నాను.