తోడేలు డ్యూటీ

ఎవరైనా నా ముఖాన టార్చి వేస్తే ఇప్పటికీ రాయచోటి మామే గుర్తుకొస్తాడు. అప్పట్లో కబ్ద్ ఎడారిలో మా కఫీల్‌కు, అంటే మా అరబ్బు యజమానికి, ఒక మేకల దొడ్డి ఉండేది. దానికి మేమిద్దరమే కాపలా. తోడేళ్లు పడుతున్నాయని, రాత్రివేటకు తుపాకీ మీద ఏ స్కోపు, ఏ లైటు బాగుంటాయో తేల్చమని కఫీల్ మామకు ఓ పెట్టెడు సామాను అప్పగించాడు. ఇరాక్ సైన్యం వచ్చిపడగానే కఫీల్ తుపాకీ తీసుకుని సౌదీకి వెళ్లిపోయాడు. పెట్టె మాకు మిగిలింది.

మామ పరీక్ష ఆపలేదు. తుపాకీ లేదని స్కోపును, లైటును కర్రకు కట్టాడు. రోజూ పొద్దుగూకగానే, "నువ్వు తోడేలు. నాలుగు కాళ్ల మీద రా," అనేవాడు.

"యుద్ధం జరగతాంటే ఇదేంది మామా!"

"యుద్ధమని తోడేలుకు ఎవరు చెప్పినారు? రా."

ఎర్ర లైటుకు నా కళ్లు మెరిశాయా, తెల్లదానికి బెదిరానా అని శ్రద్ధగా చూసేవాడు.

ఒక సాయంత్రం నేను ఇసుకలో పాకుతుండగా లారీలోంచి ఇరాకీ సైనికులు దిగారు. ఒకడు మామ గుండెకు తుపాకీ ఆనించి, కర్ర చూపిస్తూ, "షిను హాదా?" అని అరిచాడు, ఇదేమిటని. మామ నా వైపు వేలు చూపి, "ధీబ్," అన్నాడు. అరబ్బీలో తోడేలని. తుపాకులన్నీ నా వైపు తిరిగాయి. ఏం చెయ్యాలో తోచక తలెత్తి ఊళ పెట్టాను.

వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే స్కోపులు, లైట్లు, మేకలు అన్నీ లారీకెక్కించుకుని పోయారు.

నేనింకా నాలుగు కాళ్ల మీదే ఉన్నాను. మామ ఖాళీ దొడ్డిని చాలాసేపు చూసి నా దగ్గరికొచ్చాడు.

"మేకలే లేవు. ఇంక తోడేలెందుకురా? లెయ్యి," అన్నాడు.