మా అయ్య ఉండగా నేను తీసిన మీసం

ఆ రోజుల్లో మగవాడి మొహం పూర్తిగా అతని సొంతం కాదు. కనీసం మా గార్డెన్ రీచ్ సందులో కాదు. బుగ్గలు మనవి, గడ్డం మనది, తలకట్టు కూడా చాలావరకు మన ఇష్టమే. మీసం మాత్రం తండ్రి ఆయుష్షుకి సంబంధించిన వ్యవహారం. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదు. తీశాడంటే తండ్రి పోయాడని లెక్క. శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చేటప్పుడు మా తాతలు ట్రంకు పెట్టెలతో పాటు ఈ పట్టింపుని కూడా మోసుకొచ్చారు. పెట్టెలకి తుప్పు పట్టింది గానీ దీనికి పట్టలేదు. ఇప్పుడు మా అబ్బాయి గడ్డానికో నూనె, మీసానికో మైనం, రెండింటికీ కలిపి ఒక చెక్క దువ్వెన పెట్టుకుని అద్దం ముందు ముప్పావుగంట నిలబడితే నాకు నవ్వొస్తుంది. నవ్వాక, ఈ విషయంలో నవ్వే అర్హత నాకు లేదని కూడా గుర్తొస్తుంది.

మా అయ్య ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులో పనిచేసేవాడు. రోజూ పొద్దున్నే వేలికొసకి ఆముదం చుక్క రాసుకుని మీసం కొనలు రెండూ పైకి తిప్పేవాడు. ఆ తర్వాతే టీ. బెంగాలీలో మీసాన్ని గోఫ్ అంటారు, అన్నని దా అంటారు. పంపుహౌసులో పెద్దబాబు నుంచి కాపలావాడి దాకా అందరికీ ఆయన గోఫ్‌దాయే. అసలు పేరు హాజరుపట్టీలో ఒంటరిగా పడుండేది. నాకు పద్దెనిమిది నిండేసరికి అదే మీసం, అదే మెలిక వచ్చాయి. సందులో అందరూ నన్ను చూసి "అచ్చు అయ్యే" అనేవారు. ఆ మాట ఇరవై ఏళ్ళప్పుడు గర్వంగా, ఇరవై మూడేళ్ళప్పుడు ఇబ్బందిగా వినిపించింది. మధ్యలో మారింది నా ఉద్యోగం ఒక్కటే.

సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో అద్దాల మేడ. చేరిన మొదటి వారం, ఇస్త్రీ చొక్కాతో, మెడలో కార్డుతో గేటు పక్కన నిలబడి ఉన్నాను. బైకు మీద వచ్చిన ఒకతను తాళంచెవి నా చేతిలో పెట్టి, "దాదా, కొంచెం నీడలో పెట్టు" అనేసి లోపలికి వెళ్ళిపోయాడు. నన్ను గార్డు అనుకున్నాడు. నేను కూడా ఇక్కడి ఉద్యోగినే అని చెప్పాలి కదా! చెప్పలేదు. బైకు తీసుకెళ్ళి నీడలో పెట్టాను (చాలా జాగ్రత్తగా, స్టాండు వేసి మరీ). అతను నా మీసం చూసి అలా అనుకున్నాడో, నేను నిలబడిన చోటు చూసి అనుకున్నాడో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం నేరమంతా మీసం మీద మోపాను. గేటు దగ్గర అసలు గార్డుకి నా మీసం కంటే రెండింతలది ఉండడం నా అనుమానాన్ని బలపరిచింది.

ఆ శనివారం భవానీపూర్‌లో ఒక ఏసీ సెలూన్‌కి వెళ్ళాను. అయ్య మేనల్లుడి పెళ్ళికని ఊరెళ్ళాడు, మర్నాడు పొద్దున్న హావ్‌డాలో రైలు దిగుతాడు. ఆయన లేని రోజు చూసుకునే వెళ్ళానన్నది కూడా ఒప్పుకోవాలి. సెలూనతను కత్తి పట్టుకుని "పక్కాయేనా దాదా?" అని రెండుసార్లు అడిగాడు. నేను "పక్కా" అన్నాను. మొహానికి ఏవేవో పూసి, తుడిచి, అద్దం చూపించాడు. పైపెదవి ఉడకబెట్టి పొట్టు తీసిన పనసగింజలా ఉంది. అయినా బస్సులో నిలబడి ప్రతి అద్దంలోనూ చూసుకుంటూనే వచ్చాను. ఆ మొహాన్ని చూసి ఎవరూ తాళంచెవి ఇవ్వరని నా నమ్మకం.

సందు మొదట్లో కుళాయి దగ్గర సాయంత్రం వరస నడుస్తోంది. ముందు నిలబడిన పలాస అత్త నన్ను చూసింది. (సొంత అత్త కాదు, మా అయ్యని అన్నా అని పిలుస్తుంది కనక నాకు అత్త.) చేతిలో బిందె జారి పడింది.

"ఓలమ్మో! మా అన్న ఎల్లిపోనాడేటి!"

నాకు అర్థమయ్యేలోపు ఆవిడ వచ్చి నా గడ్డం పట్టుకుంది. "ఎప్పుడు నాయినా? పెళ్ళింట్లోనేటి? పోను వొచ్చిందేటి నీకు?"

"లేదత్తా, అయ్య బాగానే ఉన్నాడు" అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అలా అంటే రెండో ప్రశ్న "మరి మీసం ఎందుకు తీశావు?" అని వస్తుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు వెతుక్కుంటూ తల దించుకున్నాను. అలాంటప్పుడు తల దించుకుంటే జనం ఏమనుకుంటారో వేరే చెప్పాలా! వరసలో నలుగురు గొల్లుమన్నారు. సాయంత్రం షిఫ్టుకి బయల్దేరిన అయ్య స్నేహితుడు ఒకాయన టిఫిన్ క్యారియర్ పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుని, "మా పంపుహౌసోళ్ళకి సెప్పాల" అంటూ కదులుతున్న బస్సెక్కేశాడు. నేను ఇంకా జవాబు వెతుకుతూనే ఉన్నాను.

ఆ గోలకి, కుళాయికి రెండిళ్ళ అవతల ఉన్న మా ఇంట్లోంచి అమ్మ బయటికొచ్చింది. చేతికి పిండి. నా మొహం చూసింది. గుమ్మంలో కూలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తన గాజుల వంక చూసుకుంది.

ఆ చూపుకి నా నోరు తెరుచుకుంది. "అమ్మా! అయ్యకేటీ అవనేదు! ఆఫీసులో తీసీమన్నారు. రూలు!"

అంత కంగారులో కూడా నా నోట నిజం సగమే వచ్చిందని గమనించాలి. అమ్మ నెమ్మదిగా లేచి వచ్చి ఒక్కటి కొట్టింది. కొత్తగా నున్నబడిన చోటే తగిలింది. పిండి మరక పడి, కాసేపు నాకు మళ్ళీ మీసం ఉన్నట్టే కనిపించింది, తెల్లది.

ఈ గొడవలో బస్సెక్కిన ఆయన సంగతి అందరం మరిచిపోయాం. అయ్యకి ఊరెళ్ళొస్తే ఇంటికి రాకుండా నేరుగా డ్యూటీకి వెళ్ళే అలవాటు. ఆదివారం పొద్దున్న సంచీతో పంపుహౌసులో అడుగుపెట్టేసరికి ఎదురుగా తన ఫొటో, దానికి రజనీగంధల దండ, ముందు అగరుబత్తులు. వాళ్ళ దగ్గర ఉన్నది యూనియన్ వాళ్ళ గ్రూపు ఫొటో ఒక్కటే. అందులో బతికున్న మిగతా పదిమందికీ అరిష్టం కాకుండా వాళ్ళ మొహాల మీద పేపరు ముక్కలు అతికించారు. రెండు నిమిషాల మౌనం పాటిస్తున్న పెద్దబాబు కళ్ళు తెరిచి, ఎదురుగా సంచీతో నిలబడిన గోఫ్‌దాని చూసి, "భూత్! భూత్!" అని మోటారు వెనక్కి పరిగెత్తాడట.

ఆ ఫొటో, దండ చేత్తో పట్టుకునే అయ్య ఇంటికొచ్చాడు. ఫొటో అమ్మకిచ్చి, "బాగా పడినాను సూడు. రేపు నాను పోయాక దీన్నే ఎట్టండి" అన్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏట్రా ఇది?"

"ఆఫీసు రూలు అయ్యా."

"రూలయితే ఏటి సేస్తాం" అన్నాడు.

సందు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "బతికున్నోడికి తద్దినం ఎట్టినావు కదరా గుంటడా" అని ఒకరు, "కన్న తండ్రిని సంపి మొగం కడుక్కొచ్చినాడు" అని ఒకరు. ఆదివారమంతా నేను కుళాయి వైపు వెళ్ళలేదు. అరుగు మీద కూర్చున్న అయ్య ఆ మాటలన్నీ తల వంచుకుని విన్నాడు.

సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో ఎవరో కొత్తమనిషి కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వెళ్తే అయ్య. మీసం లేదు. పైపెదవి మీద చిన్న మచ్చ ఉందని పెళ్ళయిన ఇన్నేళ్ళకి అమ్మ కూడా అప్పుడే చూసిందట. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"ఇదేటన్నా, నువ్వు కూడానా?" అంది పలాస అత్త.

"కొత్త ఫేషనే సెల్లీ. మావోడి ఆఫీసులో దొరలంతా ఇలాగే ఉంటారట. నాకు అయ్య ఎప్పుడో పోనాడు, నాకేటి తప్పు?"

మర్నాటి నుంచి సందంతా ఆయన్ని చూసి నవ్వడంలో పడి నన్ను మరిచిపోయింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నేను అన్నం తిని పడుకున్నాను. నెలన్నరలో "రూలు మారింది" అని నేను మళ్ళీ మీసం పెంచాను. ఎవరూ ఏమీ అడగలేదు. అయ్య మాత్రం ఇక పెంచలేదు. "అలవాటైపోనాది" అనేవాడు. పంపుహౌసులో రిటైరయ్యేదాకా లేని మీసం పేరుతోనే పిలిచారు.

ఇప్పుడాయనకి ఎనభై దగ్గర పడుతోంది. చెయ్యి వణుకుతుంది కనక ఆదివారాలు గడ్డం నేనే గీస్తాను. పోయిన నెల, బుగ్గలయ్యాక కత్తి పైపెదవి మీదికి తెచ్చినప్పుడు, ఎందుకో నోరు జారింది. పాతికేళ్ళు దాటాక జారడాన్ని కూడా జారడమే అంటారేమో.

"అయ్యా, ఆ రోజు ఆఫీసులో ఎవరూ తీయమననేదు."

"సూసి గియ్యి, తెగుద్ది" అన్నాడు. అద్దంలోకి చూస్తూ, "తెలుసు" అన్నాడు.

"ఎలాగ తెలుసు?"

"సోమారం నీ ఎనకాల బస్సుకే వొచ్చినాను. మీ ఆఫీసు పెద్దబాబుని కలిసి, మా ఆచారం ఇది బాబూ, మావోణ్ణి ఒగ్గీయండి అని అడుగుదామని. గేటుకాడ గార్డుకి నాకంటే పెద్ద మీసం. లోపలికెల్లినోళ్ళలో సగం మందికి మీసాలే. టీ తాగీసి తిరిగొచ్చీసినాను."

"మరి తెలిసీ నీదెందుకు తీయించుకున్నావు?"

నురగ మధ్య నుంచి ఆ పాత మచ్చ కదిలింది. "అందరూ నిన్ను ఆడిపోసుకుంటన్నారు. ఒక్కడివే బోసిమొగం ఏసుకుని తిరగతన్నావు. పక్కన ఇంకోటుంటే బాగుంటాదనిపించింది."

ఆ రోజు పైపెదవి గీయలేకపోయాను. తర్వాతి ఆదివారం కూడా వదిలేశాను. ఇప్పుడక్కడ తెల్లగా, పొట్టిగా, ఊడిన బ్రష్షులా ఏదో మొలిచింది. నిన్న మా అబ్బాయి తన సీసా తెచ్చి, "తాతా, కొంచెం నూనె రాస్తాను, దారుణ్‌గా ఉంటుంది" అన్నాడు. (దారుణ్ అంటే బెంగాలీలో బ్రహ్మాండం.) అయ్య వాసన చూసి, "ఆముదం నేదేట్రా?" అన్నాడు. అయినా పెదవి ముందుకి పెట్టాడు. వెనక నిలబడి నేను అద్దంలోకి చూశాను. మూడు మీసాలు. ఒకటి తెల్లగా, ఉన్నదున్నట్టు. ఒకటి మైనంతో, దాపరికం లేకుండా. మధ్యది నాది, మూడింటిలోకీ నల్లగా నిగనిగలాడుతోంది. రంగు వేసుకున్నది ఇప్పటికీ నేనొక్కణ్ణే.