యలమందయ్య గారి చెంబెడు నీళ్ళు

మీరు ఇవాళ పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళారు?

ఈ ప్రశ్నకు ముఖం ముడుచుకునేవారు, పర్చూరుకు ఆరు కిలోమీటర్ల దూరంలో యలమందయ్య గారి మిరపచేను పక్కగా పోయే డొంకలో నడవకపోవడమే క్షేమం. డొంక మలుపులో తుమ్మచెట్టు, దాని కింద ప్లాస్టిక్ కుర్చీ, పక్కన కుండ, కుండ మీద స్టీలు చెంబు, కుర్చీలో అరవై ఏడేళ్ళ యలమందయ్య గారు ఉంటారు. ఆ దారిన వచ్చిన మగవాడు ఎంతటివాడైనా సరే, గట్టు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగితే తప్ప ముందుకు కదలడానికి వీల్లేదు. తాగాక చెంబు బోర్లించి చూపాలి. చుక్క రాలిందా, వ్యవహారం మళ్ళీ మొదటికి వస్తుంది.

"ఏరా వీరబాబూ, ఎన్నిసార్లు వెళ్ళావు?"

"రెండుసార్లు, పెదనాన్నా. వదిలెయ్యి, మందు కొట్టాలి, పొద్దెక్కిపోతోంది."

"రెండేనా! రంగు?"

"రంగు చూసుకుంటారా ఎవరైనా?"

"చూసుకోకే నాకు ఏడు రాళ్ళు పడ్డాయి. కూర్చో."

ఆ ఏడు రాళ్ళూ ఆయన జేబులో, పాత ముక్కుపొడుము డబ్బాలో ఉంటాయి. నీళ్ళు తాగడానికి మొరాయించినవాడికి ఆ డబ్బా మూత తీస్తారు. "ఇది నల్ల తామరపురుగు తోటలు మాడ్చేసిన ఏటిది. ఇది తుఫానుకు కల్లంలో కాయ తడిసిన ఏటిది. ఈ ముళ్ళది చూశావూ, మా బావమరిది పెళ్ళిలో సరిగ్గా తలంబ్రాల వేళకు పడింది." సాధారణంగా రెండో రాయి దగ్గరికి వచ్చేసరికే మనిషి చెంబు అందుకుంటాడు.

చేలో మాత్రమే కాదు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద, పాలకేంద్రం దగ్గర, చివరికి చావింటి ముందు కూడా ఆయన చెంబు తోడు లేనిదే కనబడరు. తగాదా తీర్చమని వచ్చిన అన్నదమ్ములకు చెరో రెండు చెంబులు పట్టించి, వాళ్ళు తగాదా సంగతి మరచిపోయి పెరటివైపు పరుగెత్తేలా చేసిన ఘనత ఆయనది.

అటువంటి ఊరికి ఫిబ్రవరిలో, మిరపకోతలు జోరుగా సాగుతున్న ఒక సోమవారం, బిందుమాధవి వచ్చింది. గుంటూరులో న్యాయశాస్త్రం చదివి రెండేళ్ళయింది. ఒక వైద్య పరిశోధన బృందం ఆమెను సమ్మతి అధికారిగా నియమించుకుంది. పని చెప్పడానికి చిన్నది: మూత్రం నమూనా ఇచ్చే ప్రతి ఒక్కరికీ నాలుగు పేజీల పత్రం చదివి వినిపించి, అర్థమయ్యాకనే సంతకం తీసుకోవడం. నాలుగో పేజీలో ఒక్క మాట దాటవేసినా రాజ్యాంగం బీటలు వారుతుందన్నంత నిష్ఠతో ఆమె ఆ పని చేసేది.

"మూత్రపిండంలోని కణాలు ఆర్‌ఎన్‌ఏ అనే అతి చిన్న అణువులను మూత్రంలోకి వదులుతాయండీ. రాళ్ళున్నవాళ్ళలో వాటిలో కొన్ని ఎక్కువో తక్కువో ఉంటాయేమోనని పరిశోధకులు చూస్తున్నారు. అది తేలితే, రాయి నొప్పి పెట్టకముందే పసిగట్టే రోజు రావచ్చు. వస్తుందని మాత్రం హామీ లేదు."

యలమందయ్య గారు ఆలోచించారు. "అంటే కిడ్నీ లోపలినుంచి చీటీలు రాసి పంపుతుందన్నమాట."

"దాదాపు అంతేనండీ."

"నాకు ఒక్క చీటీ అయినా రాలేదమ్మాయ్. ఏకంగా రాళ్ళే విసిరింది."

"చీటీలు వచ్చే ఉంటాయి. చదివేవాళ్ళే లేరు. పైగా ఐసులో పెట్టకపోతే కొన్ని గంటల్లో చెడిపోతాయి."

ఈ మాట ఆయనకు బాగా నచ్చింది. శిబిరానికి తన ఇంటి వసారా ఇచ్చారు. మంగళవారం పొద్దున్నే ఇరవైముగ్గురు మగవాళ్ళు వచ్చారు. బిందుమాధవి లోపల మూడో పేజీ చదువుతూ ఉండగా, బయట మెట్ల మీద యలమందయ్య గారు తన కర్తవ్యం నిర్వర్తించారు. ఫలితం బుధవారం ల్యాబు నుంచి ఫోనులో తెలిసింది.

"మేడం," అన్నాడు టెక్నీషియన్ ఉదయ్ కుమార్, "మీరు పంపింది మూత్రమా, మినరల్ వాటరా?"

"చదువుకున్నవాళ్ళు మాట్లాడే మాటేనా అది?"

"చదువుకున్నాను కాబట్టే అడుగుతున్నానండీ. ఇందులో చేపపిల్లలు పెంచవచ్చు."

మగవాళ్ళ నమూనాలు మళ్ళీ తీసుకోవచ్చు, వాళ్ళు దొరుకుతారు. బిందుమాధవిని దహించింది రెండో పట్టీ. ఎండలో పనిచేసే ఆడకూలీల నమూనాలు, పని మధ్యలోనే, మధ్యాహ్నం వేళ తీసుకోవాలి. ముప్ఫై మంది కావాలి. బుధవారం సాయంత్రానికి పట్టీలో ఒక్క పేరూ లేదు. శుక్రవారం లోపు నిండకపోతే ఆడకూలీల వర్గాన్నే అధ్యయనం నుంచి తీసేస్తారు. రేపెప్పుడో నిజంగా ఒక పరీక్ష పుట్టినా, అది మగవాళ్ళ కొలతలతోనే పుడుతుంది. ఈ అన్యాయం తలచుకుంటే ఆమెకు అన్నం సహించలేదు.

"సీసా ఇస్తావు బాగానే ఉంది. చేలో ఎక్కడ పట్టమంటావమ్మాయ్?" అని మాత్రం అడిగింది కోత ముఠా మేస్త్రి పేరమ్మ. నడుం దాటని మిరపచెట్లు, కనుచూపు మేర నల్లరేగడి. ఆ ప్రశ్నకు నాలుగు పేజీల్లో ఎక్కడా జవాబు లేదు.

అదే రోజు బిందుమాధవి మరొక విషయం గమనించింది. డొంకలో గంటసేపు నిలబడితే పదకొండు మంది మగవాళ్ళకు చెంబు అందింది. పదహారు మంది ఆడవాళ్ళు వెళ్ళారు, ఒక్కరికీ అందలేదు. ఆమెకైతే మూడు రోజుల్లో మాటవరసకైనా ఎవరూ నీళ్ళు ఇవ్వలేదు.

"యలమందయ్య గారూ, మీ కుండలో నీళ్ళు మగవాళ్ళకేనా?"

"అవునమ్మా," అన్నారాయన, తడుముకోకుండా.

"సమానత్వం అనేది ఒకటుంది, విన్నారా?"

"విన్నాను. ఒరేయ్ వీరబాబూ, చెంబు బోర్లించు. అదుగో చుక్క! కూర్చో మళ్ళీ."

"పెదనాన్నా, పొద్దుటి నుంచి ఇది మూడో చెంబు. నా పొలంలో మోటారు ఇంత నీళ్ళు తోడదు!"

"నీకు మోటారైనా ఉంది. నాది నాలుగేళ్ళుగా రిపేరులో ఉంది, నేనేమన్నా ఏడుస్తున్నానా?"

చేను నడిమధ్యన మోటారు షెడ్డని పిలిచే రేకుల గది ఒకటి, తాళం వేసి, మోటారు లేని దుఃఖంతో నిలబడి ఉంది. అంతలో అటువైపు నుంచి ఖాళీ డబ్బా మీద రెండు దెబ్బలు వినిపించాయి. "సరే, పోరా," అన్నారు యలమందయ్య గారు. చెంబులో ఇంకా సగం నీళ్ళుండగానే వీరబాబు బతుకుజీవుడా అని బండెక్కాడు. సగం నీళ్ళకు మినహాయింపు దొరికింది ఎందుకో బిందుమాధవికి అప్పుడు తట్టలేదు. ఆమె బుర్రలో అప్పటికే ఒక ఫిర్యాదు పత్రం తయారవుతోంది.

గురువారం ఆమె డొంక మార్గం వదిలి, పత్తిచేల మీదుగా చుట్టుతిరిగి, నేరుగా కోత జరిగే చోటికి వెళ్ళింది. వెళ్ళేసరికి మోటారు షెడ్డు ముందు నలుగురు ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. తాళం తీసి ఉంది. తాళంచెవి పేరమ్మ బొడ్లో ఉంది. గుమ్మం పక్కన ఇంకొక కుండ, ఇంకొక చెంబు ఉన్నాయి.

లోపల మోటారు లేదు. సిమెంటు గచ్చు, మరుగుదొడ్డి బేసిన్, నీళ్ళ డ్రమ్ము, మగ్గు, గోడకు సబ్బుపెట్టె ఉన్నాయి. సబ్బు కూడా ఉంది.

"చూసేశావా?" అంది పేరమ్మ. "ఇక నీ నోటికి కూడా తాళం వెయ్యాలి."

నాలుగేళ్ళ కిందట ఇదే చేలో, ఇదే నెలలో, రాయి నొప్పితో పేరమ్మ సాళ్ళ మధ్య పడిపోయింది. యలమందయ్య గారే ట్రాక్టరు మీద పర్చూరు తీసుకెళ్ళారు. డాక్టరు కోప్పడ్డాడు, "నీళ్ళెందుకు తాగవమ్మా?" అని. "తాగితే ఎక్కడికి పోవాలండీ?" అంది పేరమ్మ. గది బయట బల్ల మీద కూర్చున్న యలమందయ్య గారికి ఆ మాట వినబడింది. పై వారానికి చేలో మోటారు షెడ్డు లేచింది.

"మరి డబ్బా మోతేమిటి?"

"మేం లోపలికి పోయేటప్పుడు ఇటు ఒక్క మగపురుగు కూడా రాకూడదుగా. అందాకా అన్నయ్య డొంకలో కూర్చోబెట్టి నీళ్ళు పట్టిస్తాడు. మా పని అయ్యాక రెండు దెబ్బలు కొడతాం, వదిలేస్తాడు."

బిందుమాధవి ఫిర్యాదు పత్రం మనసులోనే చిరిగిపోయింది. ఆమె అక్కడినుంచి సరాసరి తుమ్మచెట్టు కిందికి నడిచింది.

"చేలో సరేనండీ, ఊళ్ళో అందరికీ ఎందుకు తాగించారు? పాలకేంద్రం దగ్గర, చావింటి దగ్గర?"

యలమందయ్య గారు అటూ ఇటూ చూశారు. దొరికిపోయిన దొంగకు కూడా అంత సిగ్గు ఉండదు. "ఒక్క చేలోనే తాగిస్తే అనుమానం రాదూ? అందుకని ఊరు మొత్తానికీ పట్టించాను. పిచ్చివాడనుకుంటే ఎవడూ కారణం అడగడు తల్లీ."

"అయితే మీకు పడ్డ ఏడు రాళ్ళు?"

"అవి నిజమే," అన్నారాయన నొచ్చుకుంటూ, డబ్బా తీయబోయారు.

ఆడకూలీలు ఒప్పుకున్నారు, ఆ గదిలో అయితే ముప్ఫై మందీ ఇస్తామన్నారు. ఇక మిగిలింది కాగితం. నాలుగో పేజీలో "నమూనా సేకరించిన స్థలం, దాని వివరం" అనే గడి ఉంది. స్థలం ఇచ్చినవాడు సంతకం చేయాలి. ఆ పేజీ నకలు పంచాయతీ నోటీసు బోర్డుకు అంటించాలి. అంటిస్తే ఊరంతా చదువుతుంది. రచ్చబండ మీద నెలరోజులు నవ్వుతుంది. ఆ నవ్వు తనమీద పడితే ఆయన భరిస్తారు. ఆడవాళ్ళమీద పడితే, వాళ్ళు ఆ గడప తొక్కడం మానేస్తే, మళ్ళీ నీళ్ళు తాగడం మానేస్తే?

శుక్రవారం మధ్యాహ్నం ఐసుపెట్టె వచ్చింది. ఎండ మండిపోతోంది. బిందుమాధవి చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, జీవితంలో మొట్టమొదటిసారి, ఒక అబద్ధం ప్రతిపాదించింది.

"మోటారు షెడ్డు అని రాసేస్తానండీ. ఎవరికీ ఏమీ తెలియదు."

యలమందయ్య గారు ఆమెను ఎగాదిగా చూశారు. "ఐదు రోజులుగా ప్రతి మాటా నిజం ఉండాలని మా ప్రాణాలు తోడేశావు. ఇప్పుడు నువ్వే ఇలా అంటే ఎట్లా?"

"మీ కోసమే కదండీ."

"చీటీలు చెడిపోకుండా ఐసు తెచ్చావు. చీటీ మీద చిరునామా మాత్రం దొంగది రాస్తావా?" ఆయన పేరమ్మ వైపు తిరిగారు. "ఏం పేరమ్మా? ఊళ్ళో తెలిస్తే మీరు రావడం మానేస్తారా?"

"ఎందుకు మానేస్తాం? నవ్వేవాడి పెళ్ళాం కూడా ఇక్కడే కాయ కోస్తోంది," అంది పేరమ్మ. "రేపు నవ్వమను చూద్దాం."

యలమందయ్య గారు వెంటనే కలం అందుకోలేదు. కుండ వంచి చెంబు నింపి, బిందుమాధవి ముందు పెట్టారు. "నువ్వు వచ్చిన రోజునుంచీ చూస్తున్నాను. పొద్దున నిండుగా తెచ్చిన సీసా సాయంత్రం నిండుగానే తీసుకుపోతున్నావు. న్యాయం చదివినా అదే జబ్బా? తాగు. తలుపు తీసే ఉంది."

సమానత్వం తరఫున ఐదు రోజులు పోరాడిన బిందుమాధవికి ఎట్టకేలకు ఆ చెంబు దక్కింది. కూర్చుని తాగింది. బోర్లించి చూపింది. చుక్క రాలింది. యలమందయ్య గారు మళ్ళీ నింపారు.

ఆమె రెండో చెంబు తాగుతుండగా, ఆయన గడిలో తన లావుపాటి అక్షరాలతో రాశారు: "ఆడవాళ్ళ మరుగుదొడ్డి. మోటారు ఎప్పుడూ లేదు." కింద సంతకం చేశారు. ఆ తరువాత రెండు నిర్ణయాలు ప్రకటించారు. సోమవారం రంగుడబ్బా తెప్పించి అవే మాటలు డొంకలోకి కనబడేలా గది తలుపు మీద రాయించాలి. అయితే చదివి కూడా అర్థంకానట్టు నటించే వీరబాబు లాంటివాళ్ళు ఊళ్ళో ఉన్నారు గనక, కుర్చీనీ కుండనీ చెంబునీ మాత్రం అక్కడినుంచి అంగుళం కూడా కదపకూడదు.