పారబోసిన కొవ్వు కోసం భిలాయి దాకా

ముప్పై ఏళ్ల కిందట నేనొక అమెరికన్ నవలను తెలుగు చేశాను. అందులో ఒక పేద తల్లి పొద్దున్నే బేకన్ వేయిస్తుంది. బేకన్ అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసపు పలుచని ముక్కలు. పెనంలో మిగిలిన కొవ్వులోనే పిండీ పాలూ కలిపి గ్రేవీ చేసి, బిస్కెట్ల మీద పోసి పిల్లలకు పెడుతుంది. ఉప్పు కొవ్వులో పాలు పోస్తే విరిగిపోవూ? రచయిత పొరబడ్డాడనుకున్నాను. నా అనువాదంలో ఆ తల్లి చేత కొవ్వంతా తూములో పారబోయించి, గ్రేవీ వెన్నతో చేయించాను. అప్పట్లో భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేస్తూ పత్రికలకు సమీక్షలు రాసే నా మిత్రుడు సూర్రావు, "అనువాదకుడు ఒక పేదింటి భోజనాన్ని తూము పాలు చేశాడు" అని అచ్చు వేయించాడు. ఆ రోజు నుంచి అతనితో మాటలు లేవు. ఇప్పుడా పుస్తకం మళ్లీ అచ్చుకు వెళుతోంది. దిద్దుబాట్లు సోమవారంలోగా పంపాలి. సంగతి ఎలా తెలిసిందో, సూర్రావు నుంచి ఫోనుకు రెండు వాక్యాలు వచ్చాయి: "మా పక్కింటావిడ ఆదివారం అది చేస్తోంది. వచ్చి చూసి అచ్చు వేయించుకో." పాలు విరగడం కళ్లారా చూసి, ఆ మాట అతని మొహం మీద అనడానికే బయలుదేరాను.

శనివారం విశాఖలో బండి ఎక్కితే ఆదివారం ఉదయం ఏడు దాటాక రాయపూర్‌లో దిగాను. స్లీపర్ టికెట్ నాలుగు వందల లోపే. దారి పొడవునా ప్రకృతి సౌందర్యం అని రాసేవాళ్లు ఏ కిటికీలోంచి చూస్తారో తెలియదు. నాకు కనిపించినవి ఎదుటి బెర్తు మనిషి పాదాలు. రాయపూర్ నుంచి లోకల్ రైల్లో గంటలోపే భిలాయి పవర్ హౌస్ స్టేషన్. బయట ఆటో అతన్ని సూర్రావు ఉండే వైశాలి నగర్‌కు ఎంతని అడిగాను.

"డేఢ్ సౌ లగేగా, అంకుల్."

"నూట యాభయ్యా! పట్టపగలు దోపిడీ" అని నాలో నేను గొణుక్కున్నాను.

"అరె, తెలుగోరేటి? ముందే సెప్పొచ్చు కదండీ! మా తాతది టెక్కలి. వందివ్వండి, సాలు."

"మరి మిగతా యాభై ఎందుకు అడిగావు?"

"మీరు హిందీలో అడిగారు కదండీ" అన్నాడు నవ్వుతూ.

సూర్రావు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. జుట్టు లేదు, పొట్ట ఉంది. "ఏట్రా, ఇంకా కోపం తగ్గలేదేటి?" అన్నాడు. "తగ్గితే ఇంత దూరం ఎందుకు వస్తాను?" అన్నాను. మా పలకరింపు అంతే.

పక్కింటి ఎస్తేరమ్మ చర్చి నుంచి పదిన్నరకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, భర్త ప్లాంటులో చేసి రిటైరయ్యాక పోయాడట. విజయనగరం వైపు ఒక విదేశీ మిషనరీ నర్సు ఇంట్లో ఎస్తేరమ్మ తల్లి వంట చేసేదట, ఈ వంట అక్కడిదే. మాంసానికి ఉప్పూ బెల్లం మిరియాలు పట్టించి మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచింది. బిస్కెట్లంటే మనం టీలో ముంచుకునేవి కావు. మైదా, వెన్న, పుల్లమజ్జిగ కలిపి ఓవెన్‌లో కాల్చిన, అరచేతిలో పట్టే మెత్తని రొట్టెలు. మేము ఆవిడ వంటింట్లోకి వెళ్లేసరికి అవి ఓవెన్‌లో పొంగుతున్నాయి. చల్లటి పెనంలో ముక్కలు పరిచి అప్పుడు పొయ్యి వెలిగించింది.

"సన్న మంట మీద ఎట్టాలి బాబూ. తొందరపడితే ముక్క మాడిపోద్ది గానీ కొవ్వు దిగదు."

నిజంగానే పావుగంటలో ముక్కలు కరకరలాడాయి, పెనం నిండా కొవ్వు తేలింది. సగం ఒక స్టీలు గ్లాసులోకి వంచి, మిగిలినదాంట్లో మైదా వేసింది. పాలు నేను పోస్తానన్నాను. "మీరే పోస్తారేటి? పొయ్యండి" అంది. ఫ్రిజ్‌లోంచి గిన్నె తీసి గబుక్కున గుమ్మరించాను. క్షణంలో పెనమంతా తెల్లటి ముద్దలు.

"విరిగింది!" అని కేక పెట్టాను. సూర్రావు మొహం వాడిపోయింది. ముప్పై ఏళ్లుగా చూడాలనుకున్న మొహం అది.

ఎస్తేరమ్మ ఒక ముద్దను వేళ్ల మధ్య నలిపి చూపించింది. "ఇది ఇరగడం కాదు బాబూ, పిండి ఉండ కట్టీసింది. ఇరిగితే నీళ్లు తేలవేటి? సల్లటి పాలు ఒక్కసారే పోసీసినారు. తప్పుకోండి."

ఆ ముద్దలను పక్కకు తీసేసి, అదే పెనంలో మళ్లీ గ్లాసులోని కొవ్వు మూడు చెంచాలు, మైదా మూడు చెంచాలు వేసింది. పచ్చి వాసన పోయేదాకా వేయించి, రెండు గ్లాసుల గోరువెచ్చని పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపింది. పెనం అడుగున అంటుకున్న గోధుమ రంగు పొరను కూడా గరిటెతో గీకి అందులోనే కలిపింది. చిక్కటి గంజిలా నున్నగా వచ్చింది. చివర దంచిన మిరియాలు. ఒక్క చుక్క విరగలేదు.

గుడ్డు కూడా గడప తొక్కని ఇంట్లో పుట్టాను. అయినా ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. ముందు ఉప్పు, తర్వాత మిరియం ఘాటు, ఆఖరున కమ్మటి పాలు. సూర్రావు ఒక ముద్ద తిని ఆగిపోయాడు.

"ఇలాగుంటాదా?"

"అదేమిటి, నువ్వు తినలేదా ఎప్పుడూ?"

"ఎన్నేళ్లుగానో పిలుస్తన్నాను బాబూ, పంది అని రానన్నాడు తమ్ముడు" అంది ఎస్తేరమ్మ.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "తినకుండానే, చూడకుండానే నా మీద అంత పెద్ద సమీక్ష ఎలా రాశావురా?"

"మూలం పక్కన పెట్టుకుని సదివాను. అందులో కొవ్వు పారబొయ్యలేదు" అన్నాడు, రొట్టె తుంచుకుంటూ.

చేతులు కడుక్కుని అక్కడి నుంచే ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. ఆ పేజీలో తూము తీసేయమన్నాను, ఎస్తేరమ్మ చేసినదంతా వరుసగా చెప్పి రాసుకోమన్నాను. "నా పేరు కూడా ఎయ్యమను" అన్నాడు సూర్రావు. ఎస్తేరమ్మ పేరు కృతజ్ఞతల్లో వేయించాను, వాడిది వేయించలేదు.

ఊళ్లు తిరిగితే మనసు విశాలమవుతుందంటారు. నాది కాలేదు, వాడి మీద కోపమూ పోలేదు. తెలియని చోట రచయితను నమ్మకుండా నా ఇంటి వంటగదిని నమ్మానని మాత్రం తెలిసింది. విశాఖ చేరాక మిగిలిన నా పదకొండు అనువాదాలనూ వాటి మూలాలతో సహా బల్ల మీదికి దించుకున్నాను. ఎందరి చేత ఏమేం పారబోయించానో చూడాలి.

వెళ్లాలనుకునేవారికి ఒక్క సూచన: ఈ వంట నాకు తెలిసి అక్కడి హోటళ్లలో దొరకదు, తెలిసినవారి ఇంట్లోనే తినాలి. మాంసం మూడు రోజులు ఊరాలి కనుక, ఆదివారం తినాలంటే గురువారానికే చెప్పి ఉంచండి.